అమెరికా ఫోన్‌లో మన సిమ్: బ్యాండ్లన్నీ ఉన్నా కాల్ ఎందుకు కలవదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. డల్లాస్ నుంచి వస్తున్న మీ బావగారు మూడు వాడిన ఫోన్లు తెస్తున్నారు: ఒక ఐఫోన్ 15, అక్కడి కంపెనీ దగ్గర వాయిదాల మీద కొన్న గెలాక్సీ ఎస్23, ప్రీపెయిడ్ షాపులో చవగ్గా దొరికిన ఒక మోటో. హైదరాబాద్‌లో మీది జియో, ప్రకాశం జిల్లా ఊళ్లో అమ్మగారిది ఎయిర్‌టెల్, నాన్నగారిది బీఎస్ఎన్ఎల్. ఏది ఎవరికి పనికొస్తుంది?

ముందు జవాబు చెప్పేస్తాను. ఐఫోన్ మీరు తీసుకోండి. గెలాక్సీ అమ్మగారి ఎయిర్‌టెల్‌కు సరిపోతుంది, జియోకు మాత్రం పరీక్షించకుండా పెట్టుకోవద్దు. మోటోను అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రమ్మనండి. నాన్నగారికి ఇక్కడే పది పన్నెండు వేలలో కొత్తది కొనడం మేలు. ఈ ప్రశ్నకు ఇప్పటికే వచ్చిన జవాబుల్లో "5జీ ఫోనైతే చాలు, అన్నీ పనిచేస్తాయి" అన్నారు. అది సరికాదు. ఫోన్ మీద రాసిన 5జీ అన్న మాటకూ, మన టవర్‌తో అది మాట్లాడగలగడానికీ సంబంధం చాలా తక్కువ. దాటాల్సినవి మూడున్నాయి: లాక్ (ఫోన్ ఒకే కంపెనీ సిమ్‌కు కట్టుబడటం), బ్యాండ్లు (టవర్, ఫోన్ మాట్లాడుకునే రేడియో దారులు), వోల్టీ (4జీ మీదుగానే కాల్స్ నడవడం). మొదటి రెండూ అందరూ చూసుకుంటారు. దెబ్బ తగిలేది మూడోదాని దగ్గర.

లాక్ సంగతి త్వరగా తేల్చేద్దాం. అమెరికాలో వాయిదాల మీద ఇచ్చిన ఫోన్ ఆ కంపెనీ సిమ్‌కే కట్టుబడి ఉంటుంది. బాకీ తీర్చేస్తే అన్‌లాక్ దానంతటదే అయిపోతుందనుకుంటారు. చాలాసార్లు కాదు. ఏటీ అండ్ టీలో బాకీ మొత్తం తీరాలి, ఫోన్ కనీసం 60 రోజులు వాళ్ల నెట్‌వర్క్‌లో నడిచి ఉండాలి, ఆపైన ఐఎంఈఐ (ఫోన్‌కు ఉండే 15 అంకెల గుర్తింపు నంబర్) ఇచ్చి అన్‌లాక్ కోరాలి. టీ-మొబైల్ పోస్ట్‌పెయిడ్‌లో 40 రోజులు, ప్రీపెయిడ్‌లో దాదాపు ఏడాది. కంపెనీలు ఈ షరతుల్ని మారుస్తూ ఉంటాయి కాబట్టి బయల్దేరేముందు ఒకసారి వాళ్ల సైట్‌లో చూసుకోమనండి. ఇదంతా ఆయన అక్కడ ఉండగానే, ఖాతా తెరిచి ఉండగానే పూర్తి చేయాలి. ఖాతా మూసేసి ఇక్కడికొచ్చాక కస్టమర్ కేర్‌తో తిప్పలు పడటం దండగ.

ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి కిందికి జరిపితే "క్యారియర్ లాక్" అన్న వరుస కనిపిస్తుంది. అక్కడ "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని ఉంటే తెరుచుకున్నట్టే. శాంసంగ్‌కు నమ్మదగిన పరీక్ష ఒక్కటే: వేరే కంపెనీ సిమ్ ఒకటి వేసి చూడటం. అన్‌లాక్ కోడ్ అడిగితే ఊహించి కొట్టొద్దు. కొన్ని తప్పు ప్రయత్నాల తర్వాత కోడ్‌తో తెరిచే దారే మూసుకుపోతుంది. ఇక మన ఊళ్ల షాపుల్లో "చిప్ వేసి అన్‌లాక్ చేస్తాం" అంటారు చూశారూ, అది సిమ్ కింద పెట్టే పల్చటి రేకు. ఒక్క అప్‌డేట్‌తో చచ్చిపోతుంది. పైగా మీ ఐఫోన్‌కు సిమ్ ట్రేనే ఉండదు, ఆ రేకు పెట్టే చోటే లేదు.

బాకీ ఎగ్గొట్టిన ఫోన్‌దీ, దొంగ ఫోన్‌దీ కథ వేరు. వాటి ఐఎంఈఐ బ్లాక్‌లిస్ట్‌లో పడుతుంది. *#06# కొట్టి వచ్చిన 15 అంకెల ఐఎంఈఐని, ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని రాసి ఖాళీ వదిలి, 14422కు ఎస్సెమ్మెస్ పంపితే ఇక్కడ దాని పరిస్థితి తెలుస్తుంది. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లోనూ చూడొచ్చు. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనే ఎవరికైనా ఇది డబ్బిచ్చేముందు చేయాల్సిన పని.

ఇక బ్యాండ్లు. లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్ (టెలికాం ప్రాంతం). కాబట్టి హైదరాబాద్‌కూ మీ ఊరికీ ఒకే జాబితా. జియో 4జీ బ్యాండ్ 3 (1800 మెగాహెర్ట్జ్), బ్యాండ్ 5 (850), బ్యాండ్ 40 (2300) మీద నడుస్తుంది. 5జీకి (ఆ బ్యాండ్ల నంబర్‌కు ముందు ఎన్ రాస్తారు) ఎన్78 (3500 ప్రాంతం), ఎన్28 (700) ముఖ్యం. ఎయిర్‌టెల్ 4జీకి 1, 3, 8, 40. 5జీకి ప్రధానంగా ఎన్78. బీఎస్ఎన్ఎల్ 4జీకి 28, 1 చూడాలి.

స్పెసిఫికేషన్ చదివేటప్పుడు మెగాహెర్ట్జ్ అంకె చూసి సంబరపడొద్దు, బ్యాండ్ నంబరే చూడండి. ఒకే అంకె పేరుతో వేర్వేరు బ్యాండ్లు ఉంటాయి. అమెరికా ఫోన్ పెట్టె మీద 700 అని ఉంటే అది సాధారణంగా బ్యాండ్ 12, 13, 17. మన 700 బ్యాండ్ 28. బ్యాండ్ 12లో టవర్ నుంచి ఫోన్‌కు వచ్చే దారి 729 నుంచి 746 వరకు. బ్యాండ్ 28లో 758 నుంచి 803 వరకు. ఒకదాని పరికరం రెండోదాన్ని వినలేదు. అమెరికాలో విరివిగా వాడే బ్యాండ్ 66 ఇంకా తమాషా. దాని డౌన్‌లోడ్ 2110 దగ్గర మొదలవుతుంది, మన బ్యాండ్ 1దీ అంతే. కానీ ఫోన్ తిరిగి మాట్లాడే దారి బ్యాండ్ 66లో 1710 నుంచి, బ్యాండ్ 1లో 1920 నుంచి. వినగలిగినా జవాబు చెప్పలేని ఫోన్‌తో టవర్‌కేం పని? అలాగే బ్యాండ్ 30 కూడా 2300 పేరుతోనే తిరుగుతుంది, అది మన 40 కాదు. మరో తికమక: మన వేలంపాటల్లో 800 అని రాసేది ఫోన్ భాషలో బ్యాండ్ 5, అంటే 850. యూరప్ 800 అయిన బ్యాండ్ 20తో దానికి చుట్టరికం లేదు. 2021లో ఎయిర్‌టెల్ నుంచి ఆంధ్రప్రదేశ్, ఢిల్లీ, ముంబై సర్కిళ్లలో జియో కొనుక్కున్న 800 స్పెక్ట్రమ్ ఈ బ్యాండ్ 5దే. గోడల్లోంచి, దూరం నుంచి సిగ్నల్ రావడానికి జియోకు 4జీలో ఉన్న అండ అదే.

ఈ జాబితాతో మోటోను చూడండి. అమెరికా ప్రీపెయిడ్ షాపుల్లో అమ్మే చవక రకాలు చాలావాటిలో 2, 4, 5, 12, 13, 66, 71 ఉంటాయి. మనతో కలిసేది 5 ఒక్కటే. జియో సిమ్ వేస్తే గీతలు వస్తాయి, అందుకే మోసపోతారు. బ్యాండ్ 5 వెడల్పు తక్కువ, ఊరందరూ దాని మీదే పడితే సాయంత్రం ఏడు దాటాక వీడియో తిరుగుతూనే ఉంటుంది. బ్యాండ్ 40 ఉన్న ఫోన్ అదే గదిలో హాయిగా నడుస్తుంది. ఎయిర్‌టెల్‌కైతే ఆ మోటోలో 4జీకి ఒక్క బ్యాండూ దొరకదు, 2జీలో కాల్స్ మాత్రం. మోటో ఏ మోడలో మీరు చెప్పలేదు. సెట్టింగ్స్‌లో ఎక్స్‌టీతో మొదలయ్యే నంబర్ ఉంటుంది, దాంతో వెతికి 3, 40 రెండూ ఉన్నాయని తేలితేనే తెమ్మనండి. అదే పేరుతో ఇండియాలో అమ్మే మోటో జాబితా చూసి నిర్ణయించొద్దు. పేరు ఒకటే, లోపలి రేడియో వేరు.

ఐఫోన్ 15కు అమెరికా మోడల్ ఏ2846. అబౌట్‌లో మోడల్ నంబర్ మీద వేలు పెడితే ఏతో మొదలయ్యే ఈ నంబర్ వస్తుంది. మన 4జీ, 5జీ బ్యాండ్లన్నీ అందులో ఉన్నాయి. నిజానికి అమెరికా ఐఫోన్లలో మన దగ్గర అమ్మేవాటి కంటే బ్యాండ్లు ఎక్కువే. ఎస్23 అమెరికా రకం నంబర్ చివర యు లేదా యు1 ఉంటుంది, మన దగ్గర అమ్మినదానికి బి. యు అంటే కంపెనీ షాపులో అమ్మినది, యు1 అంటే మొదట్నుంచీ లాక్ లేనిది. 4జీ వరకు ఈ ఖరీదైన సిరీస్‌లో లోటుండదు. 5జీ బ్యాండ్లు మాత్రం శాంసంగ్ అమెరికా సైట్‌లో ఆ నంబర్‌తోనే చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం, వోల్టీ.

జియోకు 2జీ లేదు, 3జీ లేదు. 2016లో మొదలైందే 4జీతో. 4జీ అంటే పుట్టుకతో డేటా నెట్‌వర్క్, మాట కోసం అందులో విడిగా దారి వేయలేదు. ఎయిర్‌టెల్ ఫోన్‌కు కాల్ వస్తే, వోల్టీ లేకపోతే, టవర్ "నువ్వు 2జీలోకి దిగు, అక్కడ మాట్లాడు" అంటుంది. ఫోన్ దిగుతుంది, మాట్లాడినంతసేపూ నెట్ ఆగుతుంది, పెట్టేశాక మళ్లీ 4జీకి ఎక్కుతుంది. చికాకే కానీ కాల్ కలుస్తుంది. జియోలో దిగడానికి కింద మెట్టే లేదు. వోల్టీ పనిచేయని ఫోన్‌లో జియో సిమ్ వేస్తే నెట్ గుర్రంలా పరిగెడుతుంది, కాల్ మాత్రం నొక్కగానే తెగిపోతుంది. అవతలివాళ్లకు "అందుబాటులో లేరు" అని వినిపిస్తుంది.

వోల్టీకి కావాల్సింది బ్యాండ్ కాదు, ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో ఆ కంపెనీ ప్రొఫైల్, అంటే ఆ నెట్‌వర్క్‌కు తగిన సెట్టింగుల మూట. సిమ్ పెట్టగానే ఫోన్ దాని మీదున్న దేశం, నెట్‌వర్క్ నంబర్లు చదువుతుంది. మన సర్కిల్‌లో జియో 405-854, ఎయిర్‌టెల్ 404-49, బీఎస్ఎన్ఎల్ 404-73. ఆ నంబర్‌కు తన దగ్గర ప్రొఫైల్ ఉంటే, కాల్స్ నడిపే ఐఎంఎస్ అనే వ్యవస్థలో ఎలా నమోదు కావాలో, మాటను డేటాగా మార్చే ఏ పద్ధతి (కోడెక్) వాడాలో అన్నీ తీసుకుని నమోదవుతుంది. లేకపోతే వోల్టీ అన్న స్విచ్‌నే సెట్టింగ్స్‌లో చూపించదు. మోడెమ్‌కు (ఫోన్‌లోని రేడియో చిప్‌కు) చేతనవుతుంది, కానీ అనుమతి లేదు.

సాఫ్ట్‌వేర్ ఎంతటి అడ్డమో తెలియాలంటే 2022 గుర్తు చేసుకోండి. ఎయిర్‌టెల్, జియో ఆ అక్టోబర్‌లో 5జీ మొదలుపెట్టాయి. ఇక్కడే, బిల్లుతో కొన్న ఐఫోన్లలో ఎన్78 ఉంది. అయినా డిసెంబర్‌లో ఐఓఎస్ 16.2 వచ్చేదాకా, ముందస్తు పరీక్ష (బీటా) సాఫ్ట్‌వేర్ వేసుకున్నవాళ్లకు తప్ప, 5జీ రాలేదు. ఆ రెండు నెలలూ లోపలి పరికరంలో ఏ మార్పూ లేదు.

ఆపిల్ ఈ ప్రొఫైళ్లను ప్రపంచానికంతటికీ ఒకటే మూటగా ఇస్తుంది, జియో సిమ్ కనపడగానే జియోది దించుకుంటుంది. అందుకే అమెరికా ఐఫోన్‌లో జియో వోల్టీ, 5జీ రెండూ మామూలుగా పనిచేస్తాయి. శాంసంగ్ అలా కాదు. దేశాన్నిబట్టి, అమ్మిన కంపెనీనిబట్టి సీఎస్‌సీ అనే విడి మూట పెడుతుంది. యు రకం ఫోన్‌లో ఉండేవి అమెరికా కంపెనీల మూటలు, ఇండియాకు చెందిన ఐఎన్ఎస్ అందులో ఉండదు. ఎక్కడ చూడాలంటే: అబౌట్ ఫోన్, సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్, సర్వీస్ ప్రొవైడర్ సాఫ్ట్‌వేర్ వెర్షన్. అక్కడ మూడక్షరాల గుంపులు కనిపిస్తాయి. అందుకే అమెరికా శాంసంగ్‌లలో జియో కాల్స్ ఒకరికి పనిచేసి మరొకరికి పనిచేయవు. మోడల్, అప్‌డేట్, మూట మూడూ కలిస్తేనే. యు ఫోన్‌లోకి యు1 సాఫ్ట్‌వేర్ ఎక్కించే పద్ధతి ఉంది, కంప్యూటర్‌తో చేస్తారు. ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, లాక్ మాత్రం పోదు. దానివల్ల జియో వోల్టీ వస్తుందన్న హామీ కూడా లేదు, కాబట్టి అమ్మగారి ఫోన్ మీద ఈ ప్రయోగం అనవసరం.

జియోకాల్ లాంటి, నెట్ మీదుగా కాల్స్ చేయించే యాప్ పెట్టుకుంటే సరిపోతుందని ఒకరు సూచించారు. మీ నంబర్‌కు పనిచేసినా అది ఊతకర్రే. బ్యాటరీ ఆదా పేరుతో ఫోన్ ఆ యాప్‌ను నిద్రపుచ్చినప్పుడల్లా మీకు వచ్చే కాల్స్ పోతాయి. రోజూ వాడే నంబర్‌కు అది చాలదు.

చాలామంది గమనించనిది ఇంకోటుంది. 2జీ లేని నెట్‌వర్క్‌లో ఎస్సెమ్మెస్ కూడా చాలావరకు ఈ ఐఎంఎస్ దారినే వెళ్తుంది. ఫోన్‌పే, గూగుల్ పే మొదటిసారి పెట్టుకునేటప్పుడు మీ ఫోన్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ వెళ్లి నంబర్ రుజువవ్వాలి. ఆ ఎస్సెమ్మెస్ కదలకపోతే యాప్ "వెరిఫికేషన్ ఫెయిల్డ్" అంటుంది. మీరు బ్యాంకును తిట్టుకుంటారు, తప్పు వోల్టీది.

పరీక్ష తేలిక. కాల్ చేసి, మోగుతుండగా పైన గుర్తు చూడండి. 4జీ లేదా 5జీ అలాగే నిలిచి ఉంటే వోల్టీ ఉన్నట్టు. ఇంగ్లిష్ ఈ (E) లేదా జీ (G) అన్న ఒంటి అక్షరానికి మారితే 2జీకి దిగినట్టు. వైఫై ఆపి చేయండి, లేకపోతే వైఫై కాలింగ్ మీదుగా వెళ్లి తప్పుదారి పట్టిస్తుంది. ఆండ్రాయిడ్‌లో *#*#4636#*#* కొట్టి ఫోన్ సమాచారంలో ఐఎంఎస్ స్టేటస్ చూస్తే "రిజిస్టర్డ్" అని ఉండాలి. అమెరికా శాంసంగ్‌లలో ఈ కోడ్ తెరుచుకోకపోవచ్చు, గుర్తు పరీక్షే ఎక్కడైనా పనిచేస్తుంది. నెట్ కూడా రాకపోతే ఏపీఎన్ (నెట్ కోసం సెట్టింగ్స్‌లో ఇచ్చే కంపెనీ చిరునామా) చూడండి: జియోకు జియోనెట్, ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్, బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్. ప్రోటోకాల్ ఐపీవీ4/ఐపీవీ6 అని రెండూ పెట్టండి.

5జీ గురించి ఒక ముక్క. జియోది స్టాండలోన్, అంటే 4జీ ఆసరా లేకుండా 5జీ తనంతట తాను నడుస్తుంది. ఎయిర్‌టెల్ మొదలుపెట్టింది 4జీని పట్టుకుని నడిచే నాన్ స్టాండలోన్ పద్ధతిలో. అందుకే ఒకే ఫోన్‌లో ఒక కంపెనీ 5జీ వచ్చి రెండోది రాకపోవడం జరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో స్టాండలోన్ అనుమతి లేని ఫోన్‌కు జియో 5జీ కనపడనే కనపడదు. కాల్స్ పనిచేస్తుంటే దీని కోసం నిద్ర పాడుచేసుకోవద్దు.

మీ ఐఫోన్‌తో పేచీ ఒక్కటే, ఈ-సిమ్, అంటే విడిగా తీసి పెట్టే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్. ఐఫోన్ 14 నుంచి అమెరికా ఐఫోన్లలో సిమ్ ట్రే తీసేశారు. జియోలో మార్చుకోవాలంటే, *#06# కొడితే కనిపించే 32 అంకెల ఈఐడీ (ఈ-సిమ్ చిప్ నంబర్), 15 అంకెల ఐఎంఈఐ తీసుకుని, ఇంగ్లిష్‌లో గెట్‌ఈసిమ్ అని ఒకే మాటగా రాసి, ఖాళీ, ఈఐడీ, ఖాళీ, ఐఎంఈఐ రాసి మీ జియో నంబర్ నుంచి 199కు పంపాలి. అంకెలు కొత్త ఐఫోన్‌వి, ఎస్సెమ్మెస్ వెళ్లాల్సింది పాత ఫోన్‌లోని సిమ్ నుంచి. ఎయిర్‌టెల్‌కైతే ఈసిమ్ అని రాసి, ఖాళీ వదిలి, నమోదైన ఈమెయిల్‌తో 121కు. ఎవరో ఫోన్ చేసి "ఈ మెసేజ్ 199కి పంపండి" అంటే మాత్రం చచ్చినా పంపొద్దు. మీ నంబర్ వాళ్ల ఫోన్‌లోకి వెళ్లిపోయే మోసం అదే.

మార్చిన తర్వాత భద్రత కోసం దాదాపు 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు. ఓటీపీలు రావు, యూపీఐ నమోదు కాదు. జీతం రోజునో, తత్కాల్ టికెట్ తీసే పొద్దునో ఈ పని పెట్టుకోకండి. ఫోన్ రీసెట్ చేసేటప్పుడు ఈ-సిమ్‌ను చెరపాలా అని అడిగితే వద్దనండి, చెరిపితే మళ్లీ మొదట్నుంచీ చేయించుకోవాలి.

నాన్నగారికి ఐఫోన్ ఎందుకు వద్దన్నానంటే కారణం బ్యాండ్ కాదు, ఇదే. బీఎస్ఎన్ఎల్ ఈ-సిమ్ బాగా ఆలస్యంగా, 2025లో వచ్చింది. ఊళ్లో ఫోన్ కింద పడి పగిలితే సిమ్ తీసి పక్కింటివాళ్ల ఫోన్‌లో వేసుకునే వీలుండదు. పల్లెలో అది చిన్న విషయం కాదు. ఆయనకు కొనే ఫోన్‌లో మాత్రం బ్యాండ్ 28, బ్యాండ్ 1 ఉన్నాయో లేదో చూడండి. బీఎస్ఎన్ఎల్ కొత్త 4జీ టవర్ల దూరం అందేది 28తోనే. పాత చవక 4జీ ఫోన్లు చాలావాటిలో అది లేదు, అందుకే "టవర్ పెట్టారు, సిగ్నల్ రాదు" అన్న ఫిర్యాదులు. ఆ టవర్‌లో 2జీ లేకపోతే ఆయనకూ వోల్టీ తప్పనిసరి. కాబట్టి షాపులో ఆయన సిమ్ వేసి కాల్ చేసి చూశాకే డబ్బివ్వండి.

బావగారు దిగాక వరస ఇలా పెట్టుకోండి. గెలాక్సీలో మీ జియో సిమ్‌ను కాసేపు వేసి, వైఫై ఆపి, ఒక కాల్ చేయండి, ఒకటి చేయించుకోండి, ఒక ఎస్సెమ్మెస్ పంపండి. మూడూ వెళ్తే అది జియోకూ పనికొస్తుంది. తర్వాత అమ్మగారి ఎయిర్‌టెల్‌తో అదే మళ్లీ. ఇవన్నీ అయ్యాకే ఐఫోన్ కోసం మీ నంబర్‌ను ఈ-సిమ్‌కు మార్చండి, ఎందుకంటే మార్చిన క్షణం నుంచి పాత సిమ్ పనిచేయదు, గెలాక్సీని పరీక్షించడానికి జియో సిమ్ మిగలదు.

చివర్లో మీ చెల్లెలి సంగతి అడిగారు: ఆగస్టులో ఎమ్మెస్‌కు వెళ్తోంది, ఇక్కడి రెడ్‌మీ పట్టుకెళ్లొచ్చా అని. ఇదే కథ తిరగేసి చదవాలి. అక్కడి మూడు పెద్ద కంపెనీలూ 2022లో 3జీ మూసేశాయి కాబట్టి వోల్టీ లేకుండా కాల్స్ నడవవు. ఏటీ అండ్ టీ తన జాబితాలో లేని మోడళ్లను, బ్యాండ్లు సరిపోయినా, ఒప్పుకోదు. టీ-మొబైల్ కాస్త ఉదారం. కానీ దాని దూరప్రాంతపు సిగ్నల్ 12, 71 బ్యాండ్ల మీద వస్తుంది, ఇక్కడి చవక ఫోన్లలో అవి సాధారణంగా ఉండవు. క్యాంపస్‌లో ఉన్నంతసేపూ బాగుండి, ఊరు దాటి హైవే ఎక్కగానే గీతలు పోతాయి. ఆమె ఐఎంఈఐని టీ-మొబైల్ సైట్‌లోని అనుకూలత పేజీలో ఇప్పుడే, ఇక్కడి నుంచే వేసి చూడండి. కాదని వస్తే రెడ్‌మీలో ఇండియా సిమ్ ఉంచి, బ్యాంకు ఓటీపీల కోసం రోమింగ్ ప్యాక్‌తో వాడుకోమనండి. అక్కడి నంబర్‌కు అక్కడే ఒక అన్‌లాక్డ్ ఫోన్ కొనుక్కోవాలి.